థిన్ క్లయింట్ల కేంద్రీకృత నిర్వహణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం థిన్ క్లయింట్ల గురించే ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. దూరంగా ఉన్న సర్వర్‌లో నడిచే డెస్క్‌టాప్‌ను తెర మీద చూపించి, కీబోర్డు, మౌస్‌ల నుంచి వచ్చే సంకేతాలను అక్కడికి చేరవేసే చిన్న పరికరమే థిన్ క్లయింట్ అని తెలిసినవారికి ఈ జవాబులు సులువుగానే అర్థమవుతాయి. ఒకే భావంతో వచ్చిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: మా సంస్థకు ప్రధాన కార్యాలయంలోనూ శాఖల్లోనూ కలిపి దాదాపు 300 థిన్ క్లయింట్లు ఉన్నాయి. ఇంతవరకు ప్రతి పరికరం దగ్గరా మనిషి కూర్చుని సెట్టింగులు పెడుతున్నాడు. అన్నింటినీ ఒకే చోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలనుకుంటున్నాం. ఏది తీసుకోవాలి? ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఏది తీసుకోవాలన్నది చాలావరకు మీ దగ్గరున్న పరికరాలే నిర్ణయిస్తాయి. 2012లో వైజ్ సంస్థను డెల్ కొనుగోలు చేసింది కాబట్టి ఆ వరుస పరికరాలకు వైజ్ మేనేజ్‌మెంట్ సూట్ ఉంది. హెచ్‌పీ పరికరాలకు హెచ్‌పీ డివైజ్ మేనేజర్, ఐజెల్ ఓఎస్ నడిచే పరికరాలకు యూనివర్సల్ మేనేజ్‌మెంట్ సూట్ ఉన్నాయి. ఒక తయారీదారు సాఫ్ట్‌వేర్ మరొకరి పరికరాలను పూర్తిగా నిర్వహిస్తుందని ఆశించవద్దు. రకరకాల కంపెనీల పరికరాలు కలిసి ఉన్నట్లయితే, వాటన్నింటి మీదా ఐజెల్ ఓఎస్ గానీ స్ట్రాటోడెస్క్ వారి నోటచ్ గానీ ఎక్కించి ఒకే నిర్వహణ కిందికి తెచ్చే మార్గం కూడా ఉంది. అయితే అవి ఏయే పరికరాల మీద నడుస్తాయో చెప్పే జాబితాల్లో మీ మోడళ్లు ఉన్నాయో లేదో ముందుగా సరిచూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ ఎంపిక కన్నా ముఖ్యమైన పని మరొకటి ఉంది. సాధారణంగా అందరూ దాన్ని దాటేసి నేరుగా సర్వర్ స్థాపనకు వెళ్లిపోతారు. ఇప్పుడు మీ పరికరాల్లో ఉన్న ప్రతి సెట్టింగునూ ఒక పట్టికలో రాసుకుని, ‘ఇది ఎవరిది?’ అని అడగడమే ఆ పని. తెర రిజల్యూషన్, కీబోర్డు అమరిక, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి మూల సాఫ్ట్‌వేర్) వెర్షన్, యూఎస్‌బీ పోర్టుల అనుమతి పరికరానికి చెందినవి. కాలమండలం, గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ సర్వర్, వైఫై వివరాలు ఆ పరికరం ఉన్న చోటుకు చెందినవి. ఏ డెస్క్‌టాప్ తెరుచుకోవాలి, ఏ ఫోల్డర్లు కనిపించాలి, ఏ ప్రోగ్రాములు అందుబాటులో ఉండాలి అన్నవి మాత్రం మనిషికి చెందినవి. వాటికి థిన్ క్లయింట్ కాన్ఫిగరేషన్‌లో చోటు ఉండకూడదు. అవి సంస్థలోని వినియోగదారుల, కంప్యూటర్ల వివరాలు ఉండే యాక్టివ్ డైరెక్టరీలోనో, డెస్క్‌టాప్‌లను కేటాయించే బ్రోకర్‌లోనో ఉండాలి. ఉద్యోగి వేరే బల్ల దగ్గరికి మారిన ప్రతిసారీ ఐటీ విభాగానికి ఫోన్ వస్తోందంటే, మనిషికి చెందిన సెట్టింగును ఎవరో పరికరంలో పెట్టారని అర్థం.

ఈ పట్టిక తయారయ్యాక గ్రూపుల చెట్టు దాదాపు దానంతటదే ఏర్పడుతుంది. పైన సంస్థ అంతటికీ వర్తించే గ్రూపు ఉంటుంది. నిర్వాహకుడి పాస్‌వర్డ్, సర్టిఫికెట్లు (గుర్తింపును నిరూపించే డిజిటల్ పత్రాలు), కనెక్షన్ చిరునామా, తెర తాళం పడే వ్యవధి అందులోకి వెళ్తాయి. దాని కింద చోటును బట్టి ఒక అంచె, ఆ కింద పనిని బట్టి మరో అంచె వస్తాయి. నగదు కౌంటర్‌కు రసీదు ప్రింటర్ కావాలి, శిక్షణ గదికి సొంత లాగిన్ పద్ధతి కావాలి, గోడ మీది తెరకు అసలు కీబోర్డే ఉండదు. పై గ్రూపు నుంచి కింది గ్రూపుకు సెట్టింగులు వారసత్వంగా దిగుతాయి, ఒకే సెట్టింగు రెండు చోట్లా ఉన్నప్పుడు సాధారణంగా పరికరానికి దగ్గరగా ఉన్నదే నెగ్గుతుంది. అందువల్ల మార్చవలసిన అవసరం నిజంగా ఎంత కింద ఉందో, ఆ సెట్టింగును అంత కిందే పెట్టాలి. శాఖలన్నింటికీ ఒకటే అయిన విలువను ప్రతి శాఖ గ్రూపులోనూ మళ్లీ రాస్తే, రేపు దాన్ని పైన మార్చినా కింద ఎక్కడా మారదు. ఎందుకు మారలేదో వెతకడానికి ఒక రోజు పోతుంది.

ఒక్క పరికరానికి మాత్రమే వేరుగా పెట్టే మినహాయింపుల విషయంలో కఠినంగా ఉండమని నా సలహా. నిర్వహణ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ వెసులుబాటు ఇస్తాయి, అత్యవసరంలో అది పనికొస్తుంది కూడా. కానీ ప్రతి మినహాయింపు పక్కనా కారణం, తేదీ, అడిగిన వ్యక్తి పేరు రాసిపెట్టి, కొన్ని నెలలకొకసారి చదివి, అవసరం తీరినవి తీసేయాలి. ఒకే రకం మినహాయింపు నాలుగైదు పరికరాలకు కనిపిస్తే అది మినహాయింపు కాదు, మీరు ఏర్పరచవలసిన గ్రూపు.

అమరిక సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి సూటి పరీక్ష ఒకటి ఉంది. పనిచేస్తున్న ఒక థిన్ క్లయింట్‌ను తీసేసి, ఫ్యాక్టరీ స్థితిలో ఉన్న అదే మోడల్ పరికరాన్ని ఆ స్థానంలో పెట్టి, కరెంటు, నెట్‌వర్క్ కేబుళ్లు మాత్రమే తగిలించమని ఐటీతో సంబంధం లేని ఉద్యోగిని అడగండి. ఆ ఉద్యోగి ఏ మెనూలోకీ వెళ్లకుండా తన డెస్క్‌టాప్‌కు చేరగలిగితే మీ నిర్వహణ నిజంగా కేంద్రీకృతమైనట్లే. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఇంకా చేతిపని మిగిలి ఉంది.

ప్రశ్న: కొత్త పరికరం పెట్టెలోంచి తీసి తగిలించగానే నిర్వహణ సర్వర్‌ను అదే వెతుక్కుంటుందని విన్నాను. దానికి ఆ చిరునామా ఎలా తెలుస్తుంది? ఇందులో భద్రతా సమస్యలు లేవా?

జవాబు: పరికరం మొదటిసారి నెట్‌వర్క్‌లోకి రాగానే ఐపీ చిరునామా కోసం, నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడుగుతుంది. ఆ జవాబులో ఐపీ చిరునామాతోపాటు అదనపు సమాచారాన్ని సంఖ్యలు గల ఆప్షన్ల రూపంలో పంపవచ్చు. నిర్వహణ సర్వర్ చిరునామాను డెల్ వైజ్ పరికరాలు ఆప్షన్ 165లోనూ, హెచ్‌పీ పరికరాలు 202లోనూ, ఐజెల్ పరికరాలు 224లోనూ వెతుకుతాయి. డీహెచ్‌సీపీని మార్చే అధికారం మీకు లేకపోతే, పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌లో తయారీదారు నిర్దేశించిన పేరుతో ఒక రికార్డు చేర్చినా అదే పని జరుగుతుంది. డెల్, ఐజెల్ రెండింటికీ ఈ మార్గం ఉంది.

చాలామంది వాడుకోని సౌకర్యం ఒకటి ఇక్కడ చెప్పాలి. డీహెచ్‌సీపీ ఆప్షన్లను సర్వర్ మొత్తానికే కాకుండా ఒక్కో స్కోపుకు (ఒక చోటికి కేటాయించిన చిరునామాల శ్రేణికి) వేర్వేరుగా పెట్టవచ్చు. డెల్ పద్ధతిలో ఆప్షన్ 199 ద్వారా గ్రూపు టోకెన్ (పరికరం ఏ గ్రూపులో చేరాలో చెప్పే రహస్య సంకేతం) పంపుతారు. ప్రతి శాఖ స్కోపులోనూ ఆ శాఖ గ్రూపు టోకెన్ ఉంచితే, పరికరం ఏ శాఖలో తగిలిస్తే ఆ శాఖ గ్రూపులోకే చేరుతుంది. గోదాము నుంచి పంపే పెట్టెల మీద ‘ఇది ఫలానా శాఖకు’ అని ముందే నిర్ణయించి, ఒక్కోదాన్నీ సిద్ధం చేయవలసిన అవసరం తప్పుతుంది.

ఇక భద్రత గురించి మీ సందేహం న్యాయమైనదే. జవాబు ఇచ్చింది అసలైన డీహెచ్‌సీపీ సర్వరేనా అని పరికరం నిర్ధారించుకోలేదు. ఆ నెట్‌వర్క్‌లోకి చొరబడినవారు సొంత డీహెచ్‌సీపీ నడిపితే, ఫ్యాక్టరీ స్థితిలో ఉన్న పరికరాన్ని తమ సర్వర్ వైపు మళ్లించగలరు. అందువల్ల నిర్వహణ సర్వర్ సర్టిఫికెట్‌ను పరికరం తనిఖీ చేసే అమరికను తప్పక అమలులో ఉంచాలి. స్థాపన రోజున తొందరలో దాన్ని ఆపివేసి, తర్వాత అలాగే వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. స్విచ్‌లలో, అనుమతి లేని డీహెచ్‌సీపీ జవాబులను అడ్డుకునే డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టాలి. గ్రూపు టోకెన్‌ను పాస్‌వర్డుగానే భావించి కాపాడాలి. కొత్తగా వచ్చిన పరికరం నిర్వాహకుడు ఆమోదించేవరకు ఏ రహస్యమూ లేని తాత్కాలిక గ్రూపులోనే ఉండాలి. వైఫై పాస్‌వర్డులు, సర్టిఫికెట్ల వంటివి ఆమోదం తర్వాతే దానికి అందాలి.

ఇంటి నుంచి పనిచేసేవారి పరికరాలకు మీ డీహెచ్‌సీపీ అందదు కాబట్టి వాటిని పంపే ముందు కార్యాలయంలో ఒకసారి నమోదు చేయడమే సులభం. ఆ తర్వాత సర్వర్ తనంతట తాను ఇంటి రూటర్ దాటి పరికరాన్ని చేరలేదు. పరికరమే బయటికి కనెక్షన్ తెరవాలి. నిర్వహణ సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్ మీద ఉంచే బదులు, ఐజెల్ క్లౌడ్ గేట్‌వే వంటి మధ్యవర్తిని ముందు నిలబెట్టడం మంచిది.

ప్రశ్న: మా విండోస్ థిన్ క్లయింట్లలో ఏ మార్పు చేసినా రీబూట్ కాగానే పోతోంది. అంతేకాక కొన్ని పరికరాలు నెల, నెలన్నరకు ఒకసారి డొమైన్‌తో సంబంధం తెగిపోయిందంటూ లాగిన్‌ను నిరాకరిస్తున్నాయి. రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది, రెండింటికీ మూలం ఒకటే. విండోస్ థిన్ క్లయింట్లలో సాధారణంగా యూనిఫైడ్ రైట్ ఫిల్టర్ అనే రక్షణ ఉంటుంది. డిస్కు మీద రాయవలసిన ప్రతి మార్పునూ అది అడ్డగించి, ర్యామ్‌లోనో డిస్కులో వేరుగా కేటాయించిన భాగంలోనో ఉన్న ఓవర్‌లేలోకి మళ్లిస్తుంది. రీబూట్ కాగానే ఓవర్‌లే ఖాళీ అవుతుంది, పరికరం పాత స్థితికి వస్తుంది. వైరస్ సోకినా, ఎవరైనా తెలియక ఏదైనా మార్చినా ఒక్క రీబూట్‌తో పోతుంది కాబట్టి ఇది చాలా విలువైన రక్షణ. దాన్ని శాశ్వతంగా ఆపివేయాలన్న ఆలోచన రానివ్వవద్దు.

డొమైన్, అంటే సంస్థ కంప్యూటర్లను, ఖాతాలను ఒకే చోటి నుంచి నియంత్రించే ఏర్పాటు. దాంతో సమస్య ఇలా వస్తుంది. డొమైన్‌లో చేరిన ప్రతి కంప్యూటర్‌కూ సొంత పాస్‌వర్డు ఉంటుంది, విండోస్ దాన్ని మామూలుగా 30 రోజులకొకసారి తనంతట తాను మారుస్తుంది. కొత్త పాస్‌వర్డు డొమైన్‌ను నడిపే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్‌లో నమోదవుతుంది గానీ, పరికరం వైపు కాపీ ఓవర్‌లేలో పడి రీబూట్‌తో పోతుంది. అప్పుడు పరికరం దగ్గర పాతది, కంట్రోలర్ దగ్గర కొత్తది మిగులుతాయి. పరికరాన్ని డొమైన్ నుంచి తీసి మళ్లీ చేర్చడం కొద్ది వారాల ఉపశమనం మాత్రమే. శాశ్వత పరిష్కారాలు రెండు ఉన్నాయి: డొమైన్ రహస్య కీ నిలిచి ఉండేలా ఫిల్టర్‌లోనే ఉన్న రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల నిల్వ) మినహాయింపును అమలు చేయడం, లేదా డొమైన్ నియమాలను పంపే గ్రూప్ పాలసీ ద్వారా ఆ పరికరాలకు పాస్‌వర్డు మార్పును నిలిపివేయడం. మొదటిదే మేలని నేను భావిస్తాను. భద్రతా నియమాన్ని సడలించకుండానే పని జరుగుతుంది. అయితే ఆ థిన్ క్లయింట్లను డొమైన్‌లో చేర్చవలసిన అవసరం అసలు ఉందా అని కూడా ఆలోచించండి. ఉద్యోగి పనిచేసే డెస్క్‌టాప్ డొమైన్‌లో ఉంటే చాలు. దాన్ని చూపించే పరికరం డొమైన్‌లో చేరకుండా వర్క్‌గ్రూప్‌లో ఉండి, నిర్వహణ సర్వర్ ద్వారా నడిచినా చాలా సంస్థలకు సరిపోతుంది.

సెట్టింగులు నిలవాలంటే నిర్వహణ సాఫ్ట్‌వేర్ ద్వారానే పంపాలి. పరికరంలో ఉండే దాని ఏజెంటు ఫిల్టర్‌ను ఆపి, రీబూట్ చేసి, మార్పును అమలు చేసి, ఫిల్టర్‌ను మళ్లీ ప్రారంభించి, ఇంకోసారి రీబూట్ చేస్తుంది. అంటే చిన్న మార్పుకైనా రెండు రీబూట్లు తప్పవు, కాబట్టి పని వేళల్లో పంపకూడదు. ఈ పని మధ్యలో ఎవరైనా కరెంటు తీసేస్తే ఫిల్టర్ ఆగిపోయిన స్థితిలోనే పరికరం మిగిలిపోవచ్చు. ఫిల్టర్ ఆగి ఉన్న పరికరాల జాబితాను వారానికొకసారైనా నివేదికగా తీయించుకోండి. మరో మాట: ఓవర్‌లే పరిమాణం మామూలుగా 1,024 మెగాబైట్లు ఉంటుంది. యాంటీవైరస్ నవీకరణలు గానీ బ్రౌజర్ కాష్ గానీ దాన్ని నింపేస్తే, పరికరం రీబూట్ చేసేవరకు సరిగా పనిచేయదు. మధ్యాహ్నానికల్లా పరికరాలు మందగిస్తున్నాయన్న ఫిర్యాదు వస్తే ముందుగా చూడవలసింది అదే.

ప్రశ్న: విండోస్ 10కు మద్దతు ముగిసింది కదా, మా విండోస్ 10 థిన్ క్లయింట్లు అన్నింటినీ వెంటనే మార్చాలా?

జవాబు: మామూలు విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మద్దతు ముగిసిన మాట నిజమే. అయితే థిన్ క్లయింట్లలో సాధారణంగా ఉండేది ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ అనే దీర్ఘకాలిక రూపం, దాని గడువులు వేరు. 2021 వెర్షన్‌కు 2032 జనవరి 13 వరకు, 2019 వెర్షన్‌కు 2029 జనవరి 9 వరకు భద్రతా నవీకరణలు వస్తాయి. 2016 వెర్షన్ గడువు మాత్రం 2026 అక్టోబరు 13. నిర్వహణ సర్వర్ ఇన్వెంటరీలో వెర్షన్ వారీగా పరికరాలను లెక్కించి, 2016వి ఉంటే వాటితో మొదలుపెట్టండి.

ప్రశ్న: శాఖల లింకు వేగం తక్కువ. ఫర్మ్‌వేర్ నవీకరణ పంపిన రోజున శాఖ పని మొత్తం ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు లెక్క వేద్దాం. ఇమేజ్ (పరికరంలో ఎక్కించే పూర్తి సాఫ్ట్‌వేర్ ఫైలు) పరిమాణం 1 గిగాబైట్, శాఖలో 40 పరికరాలు, లింకు వేగం సెకనుకు 20 మెగాబిట్లు అనుకోండి. ప్రతి పరికరమూ కేంద్రం నుంచి విడిగా దించుకుంటే మొత్తం 40 గిగాబైట్లు, అంటే 3,20,000 మెగాబిట్లు ప్రయాణించాలి. లింకును పూర్తిగా దానికే అప్పగించినా 16,000 సెకన్లు, దాదాపు నాలుగున్నర గంటలు పడుతుంది. ఆ సమయంలో మిగిలిన పరికరాల్లోని రిమోట్ డెస్క్‌టాప్‌లకు దారి ఉండదు. థిన్ క్లయింట్ పని అంతా ఆ లింకు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి మామూలు కంప్యూటర్ల శాఖలో కన్నా ఇక్కడ దెబ్బ ఎక్కువ.

అదే ఇమేజ్‌ను శాఖలోకి ఒక్కసారి మాత్రమే తెస్తే 400 సెకన్లు, ఏడు నిమిషాల లోపు పని. అక్కడి నుంచి 40 పరికరాలకూ లోపలి నెట్‌వర్క్ ద్వారా అందుతుంది. దీనికి ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఏదో ఒక ఏర్పాటు ఉంది: వైజ్ సూట్‌లో దూర రిపాజిటరీ (శాఖలో ఉంచే ఫైళ్ల నిల్వ), హెచ్‌పీలో ఉప రిపాజిటరీ పెట్టుకోవచ్చు, ఐజెల్‌లో అయితే ఒక పరికరమే తన తోటివాటికి ఫర్మ్‌వేర్ పంచే పద్ధతి ఉంది. శాఖలో ఇప్పటికే ఉన్న ఏ చిన్న ఫైల్ సర్వర్ అయినా రిపాజిటరీకి సరిపోతుంది. రిపాజిటరీకి చేరే ఆ ఒక్క కాపీని కూడా రాత్రివేళకు నిర్ణయించి, వేగానికి పరిమితి పెట్టండి.

కాన్ఫిగరేషన్ మార్పును, ఫర్మ్‌వేర్ మార్పును ఒకే పనిగా చూడవద్దు. మొదటిది కొన్ని కిలోబైట్లు, తప్పు జరిగితే నిమిషంలో వెనక్కి తీసుకోవచ్చు. రెండోది పరికరాన్నే మార్చేస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్‌ను ప్రతి మోడల్ నుంచీ రెండు మూడు పరికరాలున్న పరీక్షా గ్రూపుకు ముందు పంపాలి. ఆ గ్రూపులో ఐటీ విభాగం బల్లల మీది పరికరాలు మాత్రమే ఉంటే ప్రయోజనం లేదు. స్మార్ట్ కార్డు రీడర్, స్కానర్, రసీదు ప్రింటర్, రెండు తెరలు, హెడ్‌సెట్ వాడేవారి పరికరాలు ఉండాలి, ఎందుకంటే ఫర్మ్‌వేర్ మారినప్పుడు మొదట దెబ్బతినేది పక్క పరికరాల డ్రైవర్లే. ఒక పూర్తి పని వారం గడిచాక ఒక చిన్న శాఖకు, తర్వాత మిగిలినవాటికి పంపండి. నెలాఖరు వంటి రద్దీ రోజులను వదిలేయండి.

రాత్రి ఆపివేసిన పరికరాలను లేపడానికి వేక్ ఆన్ ల్యాన్ వాడతారు. నిర్వహణ సర్వర్ 102 బైట్ల మ్యాజిక్ ప్యాకెట్ పంపుతుంది: ముందు అన్ని బిట్లూ 1గా ఉన్న 6 బైట్లు, వెనక ఆ పరికరం మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు సొంత సంఖ్య) 16 సార్లు. అది బ్రాడ్‌కాస్ట్‌గా, అంటే ఆ నెట్‌వర్క్‌లోని పరికరాలన్నింటికీ, వెళ్తుంది కాబట్టి మామూలుగా రూటర్ దాటదు, ప్రధాన కార్యాలయం నుంచి పంపినది శాఖకు చేరకపోవడానికి కారణం ఇదే. శాఖలోనే ఉన్న రిపాజిటరీ యంత్రం ద్వారా గానీ, అప్పటికే మెలకువగా ఉన్న పక్క పరికరం ద్వారా గానీ పంపే సౌకర్యం మీ సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో చూడండి. ప్రతి పరికరం బయోస్‌లోనూ ఆ సదుపాయం అమలులో ఉండాలన్న సంగతి మరవవద్దు.

ప్రశ్న: ఒక ఉదయం మా థిన్ క్లయింట్లు అన్నీ ఒకేసారి సురక్షిత కనెక్షన్ సాధ్యం కాలేదన్నాయి. ముందు రోజు ఎవరూ ఏమీ మార్చలేదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: ఏమీ మార్చకపోవడమే కారణమై ఉండవచ్చు. అన్నీ ఒకేసారి ఆగాయంటే, రిమోట్ డెస్క్‌టాప్‌లకు ద్వారంగా ఉండే గేట్‌వే సర్టిఫికెట్ గడువు తీరిందా, లేక ఎవరైనా కొత్త సర్టిఫికెట్ పెట్టినప్పుడు దాన్ని జారీ చేసిన మధ్యంతర అథారిటీ (మూల అథారిటీ, అంటే రూట్, తరఫున సర్టిఫికెట్లు ఇచ్చేది) మారిందా అని మొదట చూడండి. రెండో సందర్భంలో కంప్యూటర్లు పనిచేస్తూనే ఉంటాయి, థిన్ క్లయింట్లు మాత్రం ఆగుతాయి. థిన్ క్లయింట్‌లో నమ్మదగిన అథారిటీల జాబితా చిన్నది, మనం విడిగా పంపితే తప్ప ఫర్మ్‌వేర్‌తోనే మారేది కావడం, గేట్‌వే మధ్యంతర సర్టిఫికెట్‌ను జతచేసి పంపకపోవడం ఇందుకు కారణాలు.

కొందరు గేట్‌వే సర్టిఫికెట్‌నే నేరుగా పరికరాలన్నింటిలోకీ పంపి నమ్మిస్తారు. ఇకపై అది కుదరదు. బహిరంగ అథారిటీలు జారీ చేసే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 398 రోజుల నుంచి 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గించాలని సర్టిఫికెట్ జారీదారులు, బ్రౌజర్ తయారీదారుల వేదిక అయిన సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2025లో నిర్ణయించింది. నెలన్నరకొకసారి మారే సర్టిఫికెట్‌ను వందల పరికరాలకు పంపుతూ కూర్చోవడం సాధ్యం కాదు. పరికరాల్లోకి రూట్ సర్టిఫికెట్‌ను మాత్రమే పంపి, మధ్యంతరాన్ని గేట్‌వేనే అందించేలా అమర్చండి. సంస్థ సొంత అథారిటీకి ఈ గడువులు వర్తించవు గానీ, రూట్ గడువు ఎప్పుడు తీరుతుందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. పరికరానికి సొంత సర్టిఫికెట్ కూడా కావలసిన చోట, ఉదాహరణకు పరికరాన్ని గుర్తించాకే లోపలికి రానిచ్చే 802.1ఎక్స్ ఉన్న నెట్‌వర్క్‌లో, సర్టిఫికెట్లు తెప్పించే ఎస్‌సీఈపీ పద్ధతి ద్వారా అదే తెచ్చుకుని అదే పునరుద్ధరించుకునేలా చేయాలి.

ఒకటి రెండు పరికరాలకే ఈ ఇబ్బంది వస్తుంటే వాటి గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ పోయిన పరికరం ఎన్నో ఏళ్ల వెనకటి తేదీతో లేస్తుంది, ఆ తేదీకి ఇంకా అమల్లోకే రాని సర్టిఫికెట్‌ను అది నిరాకరిస్తుంది. విండోస్ డొమైన్‌లో లాగిన్‌లను ధ్రువీకరించే కెర్బరోస్ మామూలుగా గడియారాల్లో 5 నిమిషాల తేడా దాటితే ఒప్పుకోదు. అందుకే ఎన్‌టీపీ సర్వర్‌ను సంస్థ స్థాయి సెట్టింగుగానో శాఖ స్థాయి సెట్టింగుగానో తప్పనిసరిగా పెట్టాలి, యూడీపీ 123 పోర్టును తెరిచి ఉంచాలి.

ప్రశ్న: నిర్వహణ సర్వర్ ఆగిపోతే థిన్ క్లయింట్లు అన్నీ ఆగిపోతాయా?

జవాబు: ఆగవు. పరికరం చివరిసారి అందుకున్న కాన్ఫిగరేషన్‌ను తనలో దాచుకుని దాంతోనే పనిచేస్తుంది. సర్వర్ తిరిగి వచ్చేవరకు కొత్త మార్పులు, నివేదికలు, కొత్త పరికరాల నమోదు మాత్రమే నిలిచిపోతాయి. కానీ ఆ సర్వర్ డేటాబేస్ పోతే మీ గ్రూపులు, టోకెన్లు, సర్టిఫికెట్లు పోతాయి, పరికరాలు కొత్త సర్వర్‌ను నమ్మకపోవచ్చు. అందుకని డేటాబేస్‌తోపాటు సర్వర్ సర్టిఫికెట్, దాని ప్రైవేటు కీని కూడా వేరే చోట భద్రపరచి, ఏడాదికొకసారైనా ఖాళీ యంత్రం మీద పునరుద్ధరించి చూడండి. సర్వర్‌కు ఐపీ సంఖ్య కాకుండా డీఎన్ఎస్ పేరు వాడితే మార్పిడి సులభమవుతుంది.

ప్రశ్న: నిర్వహణ కన్సోల్ నుంచి ఉద్యోగుల తెరలు చూడవచ్చని తెలిసి మా దగ్గర కొందరు అభ్యంతరం చెబుతున్నారు.

జవాబు: వారి అభ్యంతరం సబబైనదే. రిమోట్‌గా తెర చూసే సౌకర్యం సాయం చేయడానికి ఉద్దేశించినది. ఎదుటివారు అనుమతి నొక్కితేనే తెర కనిపించేలా, చూస్తున్నంతసేపూ ఆ సంగతి తెర మీద తెలిసేలా, ఎవరు ఎప్పుడు చూశారో లాగ్‌లో నమోదయ్యేలా సంస్థ స్థాయిలోనే సెట్టింగు పెట్టి, కింది గ్రూపుల్లో మార్చే వీలు లేకుండా చేయండి. ఒక్క క్లిక్కుతో సంస్థలోని పరికరాలన్నింటినీ రీబూట్ చేయగల, తుడిచేయగల అధికారం కూడా అదే కన్సోల్‌లో ఉంది. శాఖ సహాయకుడికి తన శాఖ పరికరాల మీద మాత్రమే అధికారం ఇవ్వాలి. పూర్తి అధికారం ఇద్దరు ముగ్గురికి మించి ఉండకూడదు, వారికి రెండంచెల లాగిన్ తప్పనిసరి.

ప్రశ్న: మాది చిన్న విద్యా సంస్థ. పాత కంప్యూటర్లు ముప్పై దాకా ఉన్నాయి. లైసెన్సులు కొనే స్థోమత లేదు. వాటిని ఒకే చోటి నుంచి నడపగలమా?

జవాబు: తప్పకుండా నడపగలరు. ఉచితంగా దొరికే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు, అంటే ఎల్‌టీఎస్‌పీ, 1999లో మొదలైంది. 2019లో దాన్ని కొత్తగా తిరగరాశారు. పాత కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు లేకపోయినా ఫర్వాలేదు. అది నెట్‌వర్క్ కార్డు ద్వారా లేచి, పీఎక్స్ఈ అనే నెట్‌వర్క్ బూట్ పద్ధతిలో డీహెచ్‌సీపీ నుంచి చిరునామా పొంది, టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి ద్వారా బూట్ ఫైలు దించుకుని, సర్వర్‌లోని ఒకే ఇమేజ్ నుంచి నడుస్తుంది. ముప్పై కంప్యూటర్లకు ఒక సాఫ్ట్‌వేర్ చేర్చాలంటే సర్వర్‌లో ఒకసారి చేర్చి, ఇమేజ్‌ను మళ్లీ తయారుచేసి, అన్నింటినీ రీబూట్ చేస్తే చాలు. సెట్టింగులన్నీ సర్వర్‌లోని ఒకే ఫైలులో ఉంటాయి. అందరికీ వర్తించేవి ఒక విభాగంలో, ఒక్క యంత్రానికే కావలసినవి దాని మ్యాక్ చిరునామా శీర్షికగా గల విభాగంలో రాస్తారు. మొదటి జవాబులో చెప్పిన గ్రూపులూ మినహాయింపులూ ఇక్కడ ఒక్క పేజీలో కంటికి కనిపిస్తాయి, ఈ విషయం నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇప్పటి ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రాములు మామూలుగా క్లయింట్ ప్రాసెసర్, ర్యామ్ మీదే నడుస్తాయి, కాబట్టి మరీ తక్కువ ర్యామ్ ఉన్న యంత్రాలు ఈనాటి బ్రౌజర్‌తో ఇబ్బంది పడతాయి. వాటిని సర్వర్‌లోని డెస్క్‌టాప్‌కు రిమోట్‌గా కలిపే తెరలుగా వాడుకోవడం మేలు. ఇక ఇక్కడ సర్వర్ ఆగితే క్లయింట్లు కూడా ఆగుతాయి. వాణిజ్య పరికరాల్లో లాగా వాటి దగ్గర దాచుకున్న కాన్ఫిగరేషన్ ఏదీ ఉండదు. అందువల్ల సర్వర్‌కు యూపీఎస్, రెండు డిస్కుల ప్రతిబింబం (ఒకదానిలోనిదే రెండోదానిలోనూ రాసే ఏర్పాటు), గిగాబిట్ స్విచ్ ఈ మూడింటికీ మీ దగ్గరున్న డబ్బును ముందుగా కేటాయించండి. మొదట అయిదు యంత్రాలతో ఒక గదిలో మొదలుపెట్టి, అవన్నీ ఒకేసారి లేచేటప్పుడు సర్వర్ డిస్కు, నెట్‌వర్క్ మీద ఎంత భారం పడుతోందో కొలిచి చూసి, ఆ తర్వాత మిగిలినవాటిని చేర్చండి.